సీ ప్రోగ్రాముల్లో చైల్డ్ ప్రాసెస్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

యూనిక్స్, లినక్స్‌ల మీద సీ నేర్చుకునేవాళ్ళు ఫోర్క్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌కి, అంటే ప్రాసెస్‌కి, నకలు పుట్టించే కాల్; అసలుది పేరెంట్, నకలు చైల్డ్) దగ్గరికి వచ్చేసరికి ఒకే రకం చిక్కుల్లో పడుతుంటారు. అడిగేవాళ్ళు మారుతున్నారు కానీ డౌట్లు మారడం లేదు. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు, వరుసగా చదవాల్సిన పని లేదు. ఫంక్షన్ల పేర్లు పలికే తీరులోనే రాశాను.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఫోర్క్ అయిన క్షణం నుంచి తెరిచి ఉన్న ప్రతి ఫైలుకీ, పైపు (ఒక ప్రాసెస్ రాసింది ఇంకొకటి చదివే దారి) కొసకీ, ఇంకా బయటికి పోని ప్రతి అక్షరానికీ ఇద్దరు యజమానులు ఉంటారు. ఏది ఎవరు మూయాలో, ఎవరి చావు కబురు ఎవరు అందుకోవాలో కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) తేల్చదు, మనమే తేల్చాలి. ఇక్కడున్న ఇబ్బందుల్లో చాలావరకు అది తేల్చకుండా వదిలేసినందువల్ల వచ్చినవే.

## పుట్టించేటప్పుడు

ఫోర్క్‌ని ఒక్కసారే పిలిచాను. రెండుసార్లు రిటర్న్ అవుతుందంటారేంటి?

ఒకే ప్రాసెస్‌లో రెండుసార్లు కాదు, రెండు ప్రాసెస్‌లలో ఒక్కోసారి. ఫోర్క్ లోపల ఉండగానే మీ ప్రాసెస్‌కి నకలు తయారవుతుంది. ఆ తర్వాత అసలూ నకలూ రెండూ అదే లైను నుంచి ముందుకు సాగుతాయి. పేరెంట్‌కి చైల్డ్ పీఐడీ (ప్రాసెస్ నంబరు) వస్తుంది, చైల్డ్‌కి 0 వస్తుంది. చైల్డ్ పుట్టకపోతే పేరెంట్‌కి −1 వస్తుంది.

చైల్డ్‌కి పేరెంట్ నంబరు ఇవ్వకుండా 0 ఎందుకు ఇచ్చారని కొందరు అడుగుతారు. చైల్డ్‌కి పేరెంట్ ఒక్కటే, గెట్‌పీపిడ్‌ని అడిగితే ఎప్పుడైనా తెలుస్తుంది. పేరెంట్‌కి మాత్రం ఎంతమంది పిల్లలైనా ఉండొచ్చు. ఇప్పుడే పుట్టినదాని నంబరు అప్పుడే చేతికి ఇవ్వకపోతే తర్వాత పోల్చుకోవడం కష్టం.

వరుసగా మూడు ఫోర్క్‌లు రాస్తే ఎన్ని ప్రాసెస్‌లు అవుతాయి?

మొత్తం 8. కొత్తగా పుట్టినవి 7. మొదటి ఫోర్క్ తర్వాత ఇద్దరు, ఆ ఇద్దరూ రెండో ఫోర్క్ చేస్తే నలుగురు, ఆ నలుగురూ మూడోది చేస్తే ఎనిమిది. ఇంటర్వ్యూల్లో ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. అసలు ప్రమాదం లూప్‌లో ఉంది. పది మంది పిల్లలు కావాలని పదిసార్లు తిరిగే లూప్ రాసి, చైల్డ్ భాగం చివర ఎగ్జిట్ మరిచిపోతే పిల్లలు కూడా లూప్ కొనసాగిస్తారు. అప్పుడు మొత్తం 1024 అవుతాయి. చైల్డ్ చేయాల్సిన పని రాయడానికి ముందే దాని చివరి ఎగ్జిట్ రాసేయండి. ఆ అలవాటు చాలా కాపాడుతుంది.

ప్రింట్‌ఎఫ్ ఒకటే ఉంది. స్క్రీన్ మీద ఒకసారే వస్తోంది, ఫైలులోకి పంపితే మాత్రం రెండుసార్లు వస్తోంది. ఎందుకు?

దీన్ని నిదానంగా చూద్దాం. ఎందుకంటే ఇది అర్థమైతే ఫోర్క్ సగం అర్థమైనట్టే.

ప్రోగ్రామ్‌లో మూడే పనులున్నాయి అనుకోండి: "మొదలు" అని కొత్త లైన్ గుర్తుతో సహా ప్రింట్ చేయడం, ఫోర్క్ చేయడం, మెయిన్ నుంచి బయటికి రావడం. అవుట్‌పుట్ టెర్మినల్‌కి పోతున్నప్పుడు సీ లైబ్రరీ లైను పూర్తవగానే అక్షరాలను బయటికి పంపేస్తుంది. కాబట్టి ఫోర్క్ జరిగేసరికి బఫర్ (అక్షరాలు పోగుచేసే చోటు) ఖాళీగా ఉంటుంది. అదే అవుట్‌పుట్ ఫైలుకో పైపుకో పోతుంటే లైను పూర్తయినా పంపదు, బఫర్ నిండేదాకా దాచిపెడుతుంది. ఇప్పుడు ఫోర్క్ చేస్తే "మొదలు" అన్న మాట ఇంకా మీ మెమరీలోనే ఉంది. మెమరీకి నకలు తీసినప్పుడు దానికీ నకలు వచ్చింది. చివర్లో ఇద్దరూ ఎగ్జిట్ అవుతూ ఎవరి బఫర్ వాళ్ళు ఖాళీ చేస్తారు. ఫైలులో "మొదలు" రెండుసార్లు పడుతుంది.

విరుగుడు రెండు రకాలు. ఫోర్క్‌కి ముందు ఎఫ్‌ఫ్లష్‌కి నల్ ఇచ్చి పిలవండి, తెరిచి ఉన్న అవుట్‌పుట్ స్ట్రీమ్‌లన్నీ ఖాళీ అవుతాయి. చైల్డ్‌ని అండర్‌స్కోర్-ఎగ్జిట్‌తో ముగించినా సరిపోతుంది, అది బఫర్ల జోలికి పోదు. నేను రెండూ చేస్తాను.

చైల్డ్‌లో వేరియబుల్ మార్చాను, పేరెంట్‌లో పాత విలువే ఉంది. కానీ ప్రింట్ చేస్తే రెండింట్లో అడ్రస్ ఒకటే!

మీరు ప్రింట్ చేసింది వర్చువల్ అడ్రస్. ఒకే ఇంటి నంబరు రెండు వేర్వేరు వీధుల్లో ఉన్నట్టు అనుకోండి. ప్రతి ప్రాసెస్‌కీ సొంత పేజ్ టేబుల్ ఉంటుంది, ఒకే అడ్రస్ రెండు చోట్ల వేర్వేరు ఫిజికల్ మెమరీకి దారి తీయొచ్చు.

ఫోర్క్ అవగానే మెమరీ మొత్తం కాపీ కాదు. ఇద్దరూ అవే పేజీలను చదువుకుంటూ ఉంటారు. ఎవరైనా రాయబోయినప్పుడు ఆ ఒక్క పేజీకి మాత్రం కెర్నెల్ కాపీ తీస్తుంది. చాలా మెషీన్లలో పేజీ 4096 బైట్లు. కాపీ ఆన్ రైట్ అంటే ఇదే. నిజంగా పంచుకునే మెమరీ కావాలంటే ఫోర్క్‌కి ముందే ఎమ్మాప్‌ని షేర్డ్, అనానిమస్ ఫ్లాగ్‌లతో పిలిచి తీసుకోండి. మాలక్‌తో తీసుకున్నది పంచుకోబడదు.

పేరెంట్ ముందు నడుస్తుందా, చైల్డ్ ముందు నడుస్తుందా?

చెప్పలేం. ఇద్దరూ ఒకేసారి రెండు కోర్ల మీద నడవొచ్చు కూడా. మీ మెషీన్ మీద వందసార్లు ఒకే వరుస వచ్చినా నమ్మొద్దు. స్లీప్ పెట్టి సరిచేసినవాళ్ళు బరువు ఎక్కువైన రోజున దొరికిపోతారు. వరుస కావాలంటే పైపు పెట్టండి: ఆగాల్సినవాళ్ళు రీడ్ మీద కూర్చుంటారు, రెండోవాళ్ళు తమ పని అయ్యాక ఒక్క బైటు రాస్తారు.

ఫోర్క్ −1 ఇస్తే ఏం చేయాలి? ఎప్పుడూ రాదుగా, చెక్ చేయకపోతే ఏం?

రోజూ రాదు, కానీ వచ్చిన రోజు చాలా గట్టిగా కొడుతుంది. ఎర్నోలో (చివరి తప్పు కారణం ఉండే వేరియబుల్‌లో) ఈఎగైన్ ఉంటే సాధారణంగా ప్రాసెస్‌ల పరిమితి దాటారని అర్థం. షెల్‌లో యూలిమిట్ మైనస్ యూ కొడితే మీ పరిమితి కనిపిస్తుంది. ఈనోమెమ్ ఉంటే మెమరీ చాలలేదు.

చెక్ చేయకపోతే ఏమవుతుందో చూడండి. తిరిగి వచ్చిన విలువను పిడ్ అనే వేరియబుల్‌లో పెట్టారు. కాసేపయ్యాక చైల్డ్‌ని ఆపాలని సిగ్నల్ పంపే కిల్‌కి ఆ పిడ్‌నీ, తప్పక చంపే సిగ్‌కిల్‌నీ ఇచ్చారు. పిడ్‌లో −1 ఉంది. కిల్ భాషలో −1 అంటే "నాకు అనుమతి ఉన్న ప్రతి ప్రాసెస్‌కీ పంపు" అని అర్థం. మీ ఎడిటర్, మీ షెల్, మీ లాగిన్ సెషన్ అన్నీ ఒక్కసారిగా పోతాయి. రూట్‌గా నడుస్తున్న ప్రోగ్రామ్ అయితే సిస్టమ్ మీద దాదాపు ఏదీ మిగలదు. ఫోర్క్ పక్కనే మూడు దారులూ రాయండి: −1, 0, మిగతావి.

చైల్డ్‌కి పేరెంట్ నుంచి ఏమేం వస్తాయి? ఏవి రావు?

ఎన్విరాన్‌మెంట్, ప్రస్తుత డైరెక్టరీ, యూమాస్క్, సిగ్నల్ హ్యాండ్లర్లు, సిగ్నల్ మాస్క్, తెరిచి ఉన్న డిస్క్రిప్టర్లు (తెరిచిన ఫైళ్ళ, పైపుల నంబర్లు) వస్తాయి. డిస్క్రిప్టర్ల విషయంలో ఒక మెలిక ఉంది: ఫైలులో ఎక్కడిదాకా చదివామన్న స్థానం ఇద్దరికీ ఉమ్మడి. చైల్డ్ వంద బైట్లు చదివితే పేరెంట్ తర్వాతి రీడ్ ఆ వంద దాటాక మొదలవుతుంది.

ఇంకా అందని సిగ్నల్స్, అలారమ్ టైమర్లు, ఎఫ్‌సీఎన్‌టీఎల్‌తో వేసిన రికార్డు లాక్‌లు, మిగతా థ్రెడ్‌లు రావు. రాండ్ ఫంక్షన్ సీడ్ మాత్రం వస్తుంది. పది మంది పిల్లలూ ఒకే "యాదృచ్ఛిక" సంఖ్యల వరుస ఇస్తున్నారంటే కారణం అదే. చైల్డ్‌లో మళ్ళీ సీడ్ చేయండి.

కొత్త ప్రోగ్రామ్ నడపడానికి ఒక్క కాల్ చాలదా? ఫోర్క్ వేరు, ఎగ్జెక్ (ప్రాసెస్‌లోకి కొత్త ప్రోగ్రామ్‌ని ఎక్కించేది) వేరు ఎందుకు?

యూనిక్స్ తొలి రోజుల నుంచీ ఉన్న ఏర్పాటు ఇది. ఫోర్క్ అనే ఆలోచనను మెల్విన్ కాన్వే 1963లో వచ్చిన ఒక పేపర్‌లో వివరించారు. ఫోర్క్, ఎగ్జెక్‌లను విడదీయడం బర్కిలీ టైమ్ షేరింగ్ సిస్టమ్‌లో అప్పటికే ఉంది, యూనిక్స్ రూపకర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్‌కి అది బాగా తెలుసు. యూనిక్స్ మొదట నడిచిన పీడీపీ-7 కంప్యూటర్ మీద ఫోర్క్ రాయడానికి అసెంబ్లీలో 27 లైన్లే పట్టిందని ఆయన సహచరుడు డెనిస్ రిచీ రాశారు.

సులువుగా రాయగలగడం ఒక్కటే అయితే ఇన్నేళ్ళు నిలిచేది కాదు. లాభం ఆ రెండు కాల్స్ మధ్య ఖాళీలో ఉంది. చైల్డ్ పుట్టింది, కొత్త ప్రోగ్రామ్ ఇంకా రాలేదు. ఆ మధ్యలో మామూలు సీ కోడ్‌తోనే ఫైళ్ళు మార్చొచ్చు, డైరెక్టరీ మార్చొచ్చు, పరిమితులు పెట్టొచ్చు. పేరెంట్‌కి ఏమీ అంటదు. ఒకే కాల్ అయితే ఈ కోరికలన్నింటికీ తలా ఒక పారామీటర్ పెట్టాల్సి వచ్చేది. పాజిక్స్-స్పాన్ అలాంటి కాలే, దాని పారామీటర్లు చూస్తే తేడా తెలుస్తుంది. మామూలు అవసరాలకు అదీ మంచిదే.

## వేరే ప్రోగ్రామ్‌ని నడిపించేటప్పుడు

ఎగ్జెక్ తర్వాత రాసిన ప్రింట్‌ఎఫ్ రావడం లేదు. ఎందుకు?

రాకపోతేనే మీ ఎగ్జెక్ పనిచేసినట్టు. విజయవంతమైన ఎగ్జెక్ వెనక్కి తిరిగి రాదు. అదే ప్రాసెస్, అదే పీఐడీ, కానీ లోపలున్న కోడ్, డేటా, స్టాక్ అన్నీ పోయి కొత్త ప్రోగ్రామ్ కూర్చుంటుంది. మీ ప్రింట్‌ఎఫ్ ఉన్న కోడే ఇప్పుడు లేదు. ఎగ్జెక్ తర్వాతి లైను నడిచిందంటే ఎగ్జెక్ విఫలమైందని అర్థం, కాబట్టి అక్కడ ఉండాల్సింది ఎర్రర్ కోడ్ మాత్రమే.

ఎగ్జెక్ పేరుతో ఆరు ఫంక్షన్లు ఉన్నాయి. ఏది వాడాలి?

పేరు చివరి అక్షరాలు చూడండి. ఎల్ ఉంటే ఆర్గ్యుమెంట్లను ఒక్కొక్కటిగా రాయాలి, వీ ఉంటే అర్రేగా ఇవ్వాలి. పీ ఉంటే పాత్‌లో (ప్రోగ్రామ్‌లు ఉండే డైరెక్టరీల జాబితాలో) వెతుకుతుంది. ఈ ఉంటే ఎన్విరాన్‌మెంట్ మీరే ఇవ్వాలి. రోజువారీ పనికి ఎగ్జెక్‌వీపీ చాలు.

రెండు చోట్ల అందరూ జారతారు. సున్నా నంబరు ఆర్గ్యుమెంట్ ప్రోగ్రామ్ పేరే అయి ఉండాలి, అసలు ఆర్గ్యుమెంట్లు 1 నుంచి మొదలవుతాయి. లిస్టు చివర నల్ తప్పనిసరి. ఎల్ రకంలో ఆ నల్‌ని క్యారెక్టర్ పాయింటర్‌గా కాస్ట్ చేసి రాయండి.

తప్పు ప్రోగ్రామ్ పేరు ఇచ్చాను. అప్పటి నుంచి నా ప్రోగ్రామ్ రెండు కాపీలు నడుస్తున్నట్టుంది!

నిజంగానే రెండు నడుస్తున్నాయి. ఎగ్జెక్ విఫలమై చైల్డ్ మీ కోడ్‌లోనే కిందికి జారి పేరెంట్ చేయాల్సిన పనులన్నీ చేస్తోంది. అదే డేటాబేస్‌లో రాస్తుంది, అదే సాకెట్‌లో జవాబిస్తుంది. ఎగ్జెక్ కింది లైనులోనే అండర్‌స్కోర్-ఎగ్జిట్ పెట్టండి. షెల్ సంప్రదాయం ప్రకారం ప్రోగ్రామ్ దొరక్కపోతే 127, దొరికినా నడపలేకపోతే 126. మామూలు ఎగ్జిట్ వాడితే పేరెంట్ రిజిస్టర్ చేసుకున్న అట్-ఎగ్జిట్ ఫంక్షన్లు చైల్డ్‌లో కూడా నడుస్తాయి. ఒక్కోసారి పేరెంట్ వాడుతున్న తాత్కాలిక ఫైలును చైల్డ్ చెరిపేసి పోతుంది.

అసలు కారణం పేరెంట్‌కి తెలియాలంటే ఒక చక్కటి పద్ధతి ఉంది. క్లోజ్-ఆన్-ఎగ్జెక్ గుర్తున్న పైపు తెరిచి, ఫోర్క్ అయ్యాక పేరెంట్ తన రాసే కొస మూసేసి రీడ్ మీద కూర్చోవాలి. ఎగ్జెక్ నెగ్గితే చైల్డ్ వైపు కొస దానంతట అదే మూసుకుంటుంది, పేరెంట్‌కి 0 వస్తుంది. ఓడితే చైల్డ్ ఎర్నోని ఆ పైపులో రాసి పోతుంది.

ఎగ్జెక్‌కి స్టార్ గుర్తు ఇస్తే ఆ పేరుతో ఫైలు లేదంటోంది. టెర్మినల్‌లో బాగానే పనిచేస్తుందే?

టెర్మినల్‌లో స్టార్‌ని ఫైలు పేర్లుగా విప్పేది షెల్. దారి మళ్ళించే గుర్తులు, పైపు గుర్తు, డాలర్‌తో వచ్చే వేరియబుల్స్ అన్నీ షెల్ పనే. ఎగ్జెక్ నేరుగా ప్రోగ్రామ్‌నే పిలుస్తుంది కాబట్టి స్టార్ ఉన్నది ఉన్నట్టుగా వెళ్తుంది. పేర్లు విప్పడానికి గ్లాబ్ ఫంక్షన్ ఉంది.

ఇంత తతంగం ఎందుకు, సిస్టమ్ ఫంక్షన్ వాడితే పోదా?

మీరే రాసిన స్థిరమైన కమాండ్ అయితే వాడుకోవచ్చు. సిస్టమ్ లోపల జరిగేది కూడా ఫోర్క్, ఎగ్జెక్, వెయిట్‌లే (వెయిట్ అంటే చైల్డ్ ముగిసేదాకా ఆగి దాని కబురు అందుకోవడం), మధ్యలో షెల్ ఉంటుందంతే. ఆ షెల్‌తోనే చిక్కు. యూజర్ ఇచ్చిన ఫైలు పేరును కమాండ్‌లో అతికించారనుకోండి. ఆ పేరులో సెమికోలన్ ఉండి తర్వాత ఇంకో కమాండ్ ఉంటే షెల్ రెండూ నడుపుతుంది. కోట్స్ పెట్టి కాపాడుకుందామంటే పేరులో కోట్ కూడా ఉండొచ్చు. బయటి నుంచి వచ్చిన ఒక్క అక్షరం కలిసినా ఎగ్జెక్‌కి అర్రేగా ఇవ్వండి, అక్కడ సెమికోలన్‌కి ఏ మహిమా ఉండదు.

## ఎదురుచూసేటప్పుడు

పీఎస్‌లో డీఫంక్ట్ అని చూపిస్తోంది. కిల్ మైనస్ 9 కొట్టినా పోవట్లేదు. ఏం చేయాలి?

చనిపోయినదాన్ని మళ్ళీ చంపలేం. డీఫంక్ట్ అంటే జాంబీ, అంటే పని ముగిసిన ప్రాసెస్. మెమరీ, ఫైళ్ళు అన్నీ వదిలేసింది. మిగిలింది కెర్నెల్ టేబుల్‌లో చిన్న నమోదు మాత్రమే: పీఐడీ, ఎలా ముగిసిందన్న స్టేటస్, ఎంత సీపీయూ వాడిందన్న లెక్క. పేరెంట్ ఎప్పుడైనా వచ్చి అడుగుతుందని దాన్ని అలా ఉంచుతారు. పేరెంట్ వెయిట్ చేసిన క్షణంలో ఆ నమోదు పోతుంది.

కాబట్టి సరిచేయాల్సింది పేరెంట్‌ని. కోడ్ మీది కాకపోతే పేరెంట్‌ని ముగిస్తే జాంబీ ఇనిట్ (పీఐడీ 1, సిస్టమ్‌లో మొదటి ప్రాసెస్) చేతికి వెళ్ళి అక్కడ శుభ్రమవుతుంది. ఒకటి రెండు జాంబీలతో నష్టం లేదు. రోజులకొద్దీ నడిచే సర్వర్‌లో రిక్వెస్ట్‌కొకటి చొప్పున పేరుకుంటే మాత్రం చివరికి కొత్త ప్రాసెస్‌లు పుట్టవు.

చైల్డ్ 1తో ఎగ్జిట్ అయింది, వెయిట్‌లో 256 వచ్చింది. ఎందుకు?

వెయిట్ ఇచ్చే సంఖ్యలో ఎగ్జిట్ కోడ్‌తో పాటు సిగ్నల్ సమాచారం కూడా కలిసి ఉంటుంది. కోడ్ సాధారణంగా పై బైటులో కూర్చుంటుంది, అందుకే 1 కాస్తా 256గా కనిపిస్తుంది. చేతితో షిఫ్ట్ చేయకండి. ముందు డబ్ల్యూ-ఇఫ్-ఎగ్జిటెడ్ అడగండి, అవునంటే డబ్ల్యూ-ఎగ్జిట్-స్టేటస్‌తో కోడ్ తీసుకోండి. కాకపోతే డబ్ల్యూ-ఇఫ్-సిగ్నల్డ్ అడిగి డబ్ల్యూ-టర్మ్-సిగ్‌తో ఏ సిగ్నల్ చంపిందో చూడండి.

కోడ్‌కి ఉన్నది 8 బిట్లే. −1 ఇస్తే 255 అవుతుంది. 256 ఇస్తే 0 అవుతుంది, అంటే విఫలమైన ప్రోగ్రామ్ విజయం చూపిస్తుంది. దొరికిన ఎర్రర్ల లెక్కను ఎగ్జిట్ కోడ్‌గా ఇవ్వడం అందుకే ప్రమాదం. ఇక షెల్‌లో కనిపించే 139 అంటే 128కి 11 కలిపారు, సిగ్‌సెగ్వీ. 137 అంటే 9 కలిపారు, సిగ్‌కిల్.

చైల్డ్ అయిపోయిందో లేదో చూడాలి, కానీ పేరెంట్ ఆగకూడదు. ఎలా?

వెయిట్‌పిడ్‌కి డబ్ల్యూ-నో-హ్యాంగ్ ఇవ్వండి. ముగిసి ఉంటే పీఐడీ, ఇంకా నడుస్తుంటే 0, తప్పు జరిగితే −1 వస్తుంది. దీన్ని ఖాళీ లూప్‌లో తిప్పితే ఒక కోర్ మొత్తం తినేస్తుంది. వేరే పని మధ్యలో అప్పుడప్పుడు అడగడానికే ఇది.

సిగ్‌చైల్డ్ (చైల్డ్ పోతే పేరెంట్‌కి వచ్చే సిగ్నల్) హ్యాండ్లర్‌లో వెయిట్ పెట్టాను. ఐదుగురు పిల్లలు పోతే ఇద్దరు జాంబీలుగా మిగిలారు. ఎందుకు?

మామూలు సిగ్నల్స్ వరుసలో నిలబడవు. ఒక సిగ్‌చైల్డ్ అందే లోపు ఇంకో ముగ్గురు పోయినా మీకు అందేది ఒకే సిగ్నల్. ఒక సిగ్నల్‌కి ఒక వెయిట్ అని లెక్కపెడితే కొందరి కబురు అందదు. హ్యాండ్లర్‌లో వెయిట్‌పిడ్‌ని −1, డబ్ల్యూ-నో-హ్యాంగ్‌లతో లూప్‌లో పిలవండి. పీఐడీ వస్తున్నంతసేపు తిరగాలి, 0 గానీ −1 గానీ రాగానే ఆపాలి.

హ్యాండ్లర్ మొదట్లో ఎర్నోని దాచి చివర్లో తిరిగి పెట్టండి. లేకపోతే మెయిన్ కోడ్ తన ఎర్రర్ చదివే లోపు అది మారిపోయి ఉంటుంది. హ్యాండ్లర్‌లో ప్రింట్‌ఎఫ్, మాలక్ వాడొద్దు. స్టేటస్‌లు అసలు అక్కర్లేకపోతే సిగ్‌చైల్డ్‌ని ఇగ్నోర్‌లో పెట్టండి, కెర్నెలే శుభ్రం చేసుకుంటుంది. అప్పుడు వెయిట్ పిలిస్తే పిల్లలందరూ పోయేదాకా ఆగి ఈచైల్డ్ ఎర్రర్‌తో వస్తుంది.

చైల్డ్ బతికే ఉంది, వెయిట్ మాత్రం −1తో వచ్చేసింది. ఎందుకు?

ఎర్నో చూడండి. ఈఇంటర్ అయితే మధ్యలో ఏదో సిగ్నల్ వచ్చి లేపింది, మళ్ళీ పిలవండి. ఈచైల్డ్ అయితే మీరు ఎదురుచూసే చైల్డ్ మీకు లేదు. ఆ పీఐడీ మీ పిల్లది కాకపోయి ఉండొచ్చు, లేదా హ్యాండ్లర్‌లోనో ఏదైనా లైబ్రరీలోనో వెయిట్ ముందే జరిగిపోయి ఉంటుంది. ఒక చైల్డ్ కబురు ఒక్కసారే అందుతుంది, ఎవరు ముందు అడిగితే వాళ్ళకే.

పేరెంట్ ముందు పోతే చైల్డ్ కూడా పోతుందా?

దానంతట అది పోదు. అనాథగా మిగిలి పీఐడీ 1 దగ్గరికి చేరుతుంది. లినక్స్‌లో మధ్యలో ఏదైనా ప్రాసెస్ తనను సబ్‌రీపర్‌గా (అనాథలను చేరదీసేదానిగా) ప్రకటించుకుని ఉంటే దాని దగ్గరికి చేరుతుంది. అందుకే గెట్‌పీపిడ్ 1 ఇస్తుందా అని చూసి పేరెంట్ పోయిందని తేల్చే పాత చిట్కా ఇప్పుడు అన్ని చోట్లా చెల్లదు.

పేరెంట్‌తో పాటే పోవాలంటే లినక్స్‌లో పీఆర్‌సీటీఎల్‌కి పీడెత్‌సిగ్ ఇవ్వొచ్చు. ఎక్కడైనా పనిచేసేది పైపు: రాసే కొస పేరెంట్ ఒక్కటే పట్టుకుని ఉంటే అది పోగానే చైల్డ్ రీడ్‌కి 0 వస్తుంది.

## పైపులతో మాట్లాడుకునేటప్పుడు

చైల్డ్ రాయడం అయిపోయింది, ఎగ్జిట్ కూడా అయింది. పేరెంట్ రీడ్ మాత్రం ఆగిపోయి ఉంది. ఎందుకు?

రాసే కొసను ఇంకెవరో పట్టుకుని ఉన్నారు. నూటికి తొంభైసార్లు అది మీ పేరెంటే. పైపు ముగిసిందని రీడ్‌కి 0 రావాలంటే రాసే కొస కాపీలన్నీ మూసుకోవాలి. ఫోర్క్ వల్ల ఆ కొస ఇద్దరి దగ్గరా ఉంది. పేరెంట్ దాన్ని మూయకుండా రీడ్‌లో కూర్చుంటే తన కోసం తనే ఎదురుచూస్తున్నట్టు.

పిల్లలు ఎక్కువైతే ఇంకో రకంగా వస్తుంది: మొదటి చైల్డ్ పైపు కొస రెండో చైల్డ్‌కి కూడా వారసత్వంగా వెళ్ళిపోతుంది. పైపు2ని క్లోజ్-ఆన్-ఎగ్జెక్ ఫ్లాగ్‌తో తెరిస్తే ఎగ్జెక్ అయ్యే పిల్లల దగ్గర ఆ బెడద ఉండదు. ఎవరి దగ్గర ఏముందో లినక్స్‌లో ప్రాక్ డైరెక్టరీలో ఆ పీఐడీ కింది ఎఫ్‌డీ ఫోల్డర్ చూస్తే కళ్ళకు కడుతుంది.

అవుట్‌పుట్ చిన్నదైతే పనిచేస్తోంది, పెద్దదైతే రెండూ హ్యాంగ్ అవుతున్నాయి. ఏంటిది?

పేరెంట్ ముందు వెయిట్ చేసి తర్వాత చదువుతోందా? అయితే అదే. లినక్స్‌లో మామూలుగా పైపులో 65,536 బైట్లు పడతాయి. చైల్డ్ అంతకు మించి రాయబోతే చోటు లేక రైట్‌లో ఆగుతుంది. పేరెంట్ ఏమో చైల్డ్ పోయేదాకా చదవనని వెయిట్‌లో ఉంది. ఇద్దరూ శాశ్వతంగా ఆగిపోతారు.

నేనూ దీనికి ఒక రాత్రి బలయ్యాను. నేను పనిచేసిన ఒక చోట రోజూ రాత్రి నడిచే ప్రోగ్రామ్ ఒకటి ఉండేది, కొన్ని నెలలు చక్కగా నడిచింది. ఒకరోజు ఇన్‌పుట్ పెరిగింది, చైల్డ్ ఇచ్చే లాగ్ కూడా పెరిగింది. పొద్దున్న చూస్తే రెండు ప్రాసెస్‌లూ సున్నా సీపీయూతో నిద్రపోతున్నాయి. సిస్టమ్ కాల్స్ చూపించే ఎస్‌ట్రేస్ తగిలించాక ఒకటి రైట్‌లో, ఇంకొకటి వెయిట్‌లో ఆగి ఉన్నాయని కనిపించింది. మార్పు ఒక్కటే, చదవడాన్ని వెయిట్‌కి పైకి జరిపాను. ఆ టెన్షన్ మీకు వద్దు. ముందు 0 వచ్చేదాకా చదవండి, తర్వాత వెయిట్ చేయండి. అవుట్‌పుట్‌కీ ఎర్రర్‌కీ రెండు వేర్వేరు పైపులు ఉంటే ఒకటి పూర్తిగా చదివాక రెండోది అంటే మళ్ళీ అదే చిక్కు. పోల్ పెట్టి ఏది సిద్ధంగా ఉంటే అది చదవండి.

డప్2 చేశాక పాత డిస్క్రిప్టర్ మూయాలా?

మూయాలి. డప్2 పాతదాన్ని తరలించదు, మనం అడిగిన నంబరుతో ఇంకో కాపీ చేస్తుంది. ఒక్క మినహాయింపు: పాతదీ కొత్తదీ ఒకే నంబరైతే డప్2 ఏమీ చేయదు, అప్పుడు మూస్తే అసలుదే పోతుంది. పేరెంట్ స్టాండర్డ్ ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ మూసుకుని మొదలైన చోట పైపు రాసే కొసకి 1 నంబరే దొరికి ఇది నిజంగా జరుగుతుంది. మూసే ముందు రెండు నంబర్లూ ఒకటేనా అని చూడండి.

నా ప్రోగ్రామ్ ఏ మెసేజీ లేకుండా మాయమైపోతోంది!

చదివేవాళ్ళు లేని పైపులో రాసి ఉంటారు. అప్పుడు సిగ్‌పైప్ వస్తుంది, దాని డిఫాల్ట్ ప్రాసెస్‌ని చంపడమే. దాన్ని ఇగ్నోర్‌లో పెడితే రైట్ ఈపైప్ ఎర్రర్‌తో వస్తుంది. అయితే ఇగ్నోర్ అన్న అమరిక ఎగ్జెక్ దాటి కొత్త ప్రోగ్రామ్‌కి కూడా పోతుంది. చైల్డ్‌లో ఎగ్జెక్‌కి ముందు డిఫాల్ట్‌కి తిప్పండి.

## ఆపేటప్పుడు, వెతికేటప్పుడు

చైల్డ్ పది సెకన్లకు మించి నడవకూడదు. సులువైన దారి ఉందా?

ఉంది. అలారమ్ ఫోర్క్ దాటి రాదు కానీ ఎగ్జెక్ దాటి నిలుస్తుంది. చైల్డ్‌లో ఎగ్జెక్‌కి ముందు అలారమ్‌కి 10 ఇచ్చి పిలవండి. కొత్త ప్రోగ్రామ్ గడువు దాటితే సిగ్‌అలారమ్ దాన్ని ముగిస్తుంది. ఆ ప్రోగ్రామ్ సొంతంగా అలారమ్ వాడుకునేదైతే ఇది చెల్లదు. అప్పుడు పేరెంటే సమయం చూసుకుని ముందు సిగ్‌టర్మ్ పంపి, సర్దుకోవడానికి కాసేపు ఇచ్చి, అప్పటికీ పోకపోతే సిగ్‌కిల్ పంపాలి.

వెయిట్ అయిపోయిన పీఐడీకి మాత్రం కిల్ పంపకండి. వెయిట్ చేయనంతకాలం ఆ నంబరు మీ చైల్డ్ పేరు మీదే ఉంటుంది. వెయిట్ తర్వాత దాన్ని కెర్నెల్ ఇంకెవరికైనా ఇవ్వొచ్చు.

చైల్డ్‌ని చంపాను, అది పుట్టించినవి ఇంకా నడుస్తున్నాయి. అన్నింటినీ ఎలా ఆపాలి?

కిల్ ఒక్క ప్రాసెస్‌కే చేరుతుంది, మనవలకు పోదు. చైల్డ్ పుట్టగానే సెట్‌పీజీఐడీతో దానికి సొంత గ్రూప్ ఇవ్వండి. మనవలు అదే గ్రూప్‌లో పుడతారు. తర్వాత ఆ గ్రూప్ నంబరుకి మైనస్ పెట్టి కిల్ పిలిస్తే అందరికీ అందుతుంది. సెట్‌పీజీఐడీని పేరెంట్‌లోనూ చైల్డ్‌లోనూ రెండు చోట్లా పిలవాలి, ఎవరు ముందు నడుస్తారో తెలియదు కదా. సెట్‌సిడ్ చేసుకుని విడిపోయిన మనవడు మాత్రం దీనికి చిక్కడు.

కొత్త గ్రూప్‌కి ఇంకో పర్యవసానం ఉంది. కంట్రోల్-సీ కొడితే టెర్మినల్ ముందున్న గ్రూప్ మొత్తానికి సిగ్‌ఇంట్ పోతుంది. వేరే గ్రూప్‌కి మార్చిన చైల్డ్‌కి అది అందదు, పేరెంటే అందించాలి.

థ్రెడ్‌లు ఉన్న ప్రోగ్రామ్‌లో ఫోర్క్ చేస్తే చైల్డ్ ఒక్కోసారి బిగుసుకుపోతోంది. ఎందుకు?

ఫోర్క్ పిలిచిన థ్రెడ్ ఒక్కటే చైల్డ్‌లోకి వస్తుంది. ఆ క్షణంలో ఇంకో థ్రెడ్ ఏదైనా లాక్ పట్టుకుని ఉంటే, పట్టుకున్న స్థితి నకలు అవుతుంది కానీ విడిపించాల్సిన థ్రెడ్ రాదు. చైల్డ్ ఆ లాక్ అడిగితే ఎప్పటికీ దొరకదు. ఎగ్జెక్ దాకా సిగ్నల్ హ్యాండ్లర్‌లో వాడదగిన ఫంక్షన్లే వాడండి: డప్2, క్లోజ్, రైట్, ఎగ్జెక్‌వీఈ, అండర్‌స్కోర్-ఎగ్జిట్ లాంటివి. ఆర్గ్యుమెంట్ల అర్రే, ఎర్రర్ మెసేజ్ స్ట్రింగ్ ఫోర్క్‌కి ముందే తయారు చేసుకోండి.

జీడీబీ డీబగ్గర్‌లో చైల్డ్ లోపలికి వెళ్ళలేకపోతున్నాను. ఎలా?

జీడీబీ మామూలుగా పేరెంట్ వెంటే ఉంటుంది. ఫాలో-ఫోర్క్-మోడ్‌ని చైల్డ్‌కి మార్చండి. ఇద్దరినీ పట్టుకోవాలంటే డిటాచ్-ఆన్-ఫోర్క్‌ని ఆఫ్ చేయండి. నేను మాత్రం ముందు ఎస్‌ట్రేస్‌ని మైనస్ ఎఫ్‌తో నడుపుతాను. ఎవరు ఎవరిని పుట్టించారు, ఏ కొస ఎవరు మూశారు, చివరికి ఏ కాల్‌లో ఆగారు అన్నీ పీఐడీలతో సహా లైను లైనుగా వస్తాయి. మూయకుండా మిగిలిన పైపు కొస అక్కడే పట్టుబడుతుంది.